నీళ్ల చప్పుడు లేని ఇల్లు

మా పై అంతస్తులో ఉండే అమ్మాయి నిన్న లిఫ్టులో కలిసింది. చేతిలో తాడు, తాడు చివర నల్లటి కుక్క. ఏదో ఫ్లైఓవర్ కింద కాలు విరిగి పడి ఉంటే ఆ అమ్మాయీ భర్తా తెచ్చి బాగు చేయించుకున్నారు. ఇప్పుడు ఇద్దరికీ పుణెకు బదిలీ అయింది. అక్కడ కుదిరిన ఇంట్లో కుక్కను ఉండనివ్వరట.

"ఎవరైనా మంచివాళ్లు తెలిస్తే చెప్పండి ఆంటీ, ప్లీజ్. ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వలేను" అంది.

కుక్క మాత్రం లిఫ్టు నాలుగు మూలలూ తిరుగుతూనే ఉంది. కూర్చోమంటే కూర్చుంటుంది, వెంటనే లేస్తుంది.

అడిగి చూస్తానన్నాను. దానికి ఇల్లు దొరుకుతుందిలెండి. సాయంత్రానికే అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇద్దరు ముగ్గురు అడిగారు. నా అవస్థ దాని గురించి కాదు. ఇంట్లోకి వచ్చి చెప్పులు విడిచినప్పటి నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి బాల్కనీలోకి వెళ్లాను. ఎందుకు వెళ్లానో గుర్తురాక లోపలికి వచ్చాను. ఈలోగా పాలు పొంగిపోయాయి. స్టవ్వు తుడుస్తూ, తుడిచిన చోటే మళ్లీ తుడుస్తూ, ఎప్పటిదో ఒక ఎండాకాలాన్ని తలుచుకుంటూ ఉండిపోయాను.

అప్పుడు నల్లగండ్ల ఇలా లేదు. లింగంపల్లి స్టేషన్ దాటి ఇటు వస్తే జొన్నచేలు, సీతాఫలం పొదలు, ఎవరో పేర్చుతూ మధ్యలో లేచి వెళ్లిపోయినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడ్డ బండలు. ఆ చేల మధ్య ఒక బోరు పాయింటు ఉండేది. పెద్ద మోటారు పెట్టి, పొద్దున్నుంచి మాపటి దాకా ట్యాంకర్లు నింపే జాగా. కొత్తగా లేస్తున్న బిల్డింగులన్నింటికీ అక్కడి నుంచే నీళ్లు పోయేవి. మా నాన్న అందులో ఒక ట్యాంకర్ నడిపేవాడు. పాయింటు వెనకాల రేకుల గదిలో నాన్న, అమ్మ, నానమ్మ, నేను.

పాలమూరు వైపు మా ఊళ్లో చుక్క నీటికి ఇబ్బంది పడి వచ్చినవాళ్లం. ఇక్కడేమో నిద్రలో కూడా నీళ్ల చప్పుడే. మోటారు వేస్తే లావుపాటి గొట్టంలోంచి ధార ఇనుప ట్యాంకులో దభదభా పడేది. ట్యాంకు నిండి పొర్లితే ఎర్రమట్టి తడిసి వాసన వచ్చేది. ఆ వాసనలో డీజిలు వాసన, అమ్మ కాల్చే జొన్నరొట్టెల వాసన, నూరిన ఎల్లిపాయ కారం ఘాటు, నానమ్మ చుట్ట పొగ అన్నీ కలిసిపోయేవి. ఈనాటికీ ఎక్కడైనా తడిమట్టి మీద డీజిలు పడితే నాకు ఆకలేస్తుంది.

వంతు కోసం ఆగిన డ్రైవర్లు మా గది ముందు నీడలో కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. ఎవరి చెలక అమ్ముడుపోయింది, ఏ గుట్ట మీదికి మిషన్లు వచ్చాయి, రోడ్డు ఎటు తిరుగుతుంది, ఇవే మాటలు.

"గా బండల మీద మొత్తం అద్దాల బిల్డింగు కడతరంట" అన్నాడొకరోజు ఒక డ్రైవరు.

"మరి ఎండకు అద్దాలు పలగవారా?" అంది నానమ్మ.

డ్రైవర్లు నవ్వారు. నాకు మాత్రం ఆ బిల్డింగు పగిలిపోవడం చూడాలని చాలా ఆశగా ఉండేది.

వేసవి సెలవుల్లో నేను ఇంటిపట్టున ఉండేదాన్ని కాదు. అమ్మ పని చెప్పేలోపే నాన్న ట్యాంకర్ క్యాబిన్‌లోకి ఎక్కేసేదాన్ని. తిన్న మామిడి టెంకలు దాచిపెట్టి, దారి పక్కన ప్లాట్ల బోర్డులు కనబడితే గురి చూసి విసిరేదాన్ని. మలుపులో నాన్న చెయ్యి గేరు మీద ఉన్నప్పుడు హారన్ నొక్కేదాన్ని. "కాళ్లకు చక్రాలు కట్టుకొని పుట్టింది ఇది" అనేది నానమ్మ.

ఒకరోజు పొద్దున చందానగర్ దాటి లోపలికి, సగం కట్టిన ఒక బిల్డింగుకు నీళ్లు తీసుకెళ్లాం. నాన్న నేల కింది నీళ్ల సంపు మూత పక్కకు జరిపి, గొట్టం నోరు లోపలికి దించి, వాల్వు తిప్పడానికి బండి దగ్గరికి వెళ్లాడు. గొట్టం జారిపోకుండా పట్టుకోవడం నా పని. వంగి పట్టుకున్నాను. లోపలి చీకట్లోంచి సన్నగా మూలుగు వినిపించింది.

"నాయినా, ఆగు! లోపట ఎవరో ఉన్నరు!"

నాన్న పరుగున వచ్చి తొంగిచూశాడు. అడుగున నీళ్లు. ఆ నీళ్లలో ఒక కుక్క వెనకకాళ్ల మీద నిలబడి, ముందుకాళ్లు గోడకున్న ఇనుప మెట్టు మీద పెట్టుకుని ఉంది. మెడ దాకా తడిసి ఉంది. వాచ్‌మన్ కూడా వచ్చి చూసి నోరు వెళ్లబెట్టాడు.

"నిన్న మాపు ఇంకో ట్యాంకరాయన వోసి మూత వెట్టి పోయిండన్నా. అప్పుడు ఏం కనవడలేదు" అన్నాడు.

అంటే అది లోపల ఉండగానే దాని మీద నీళ్లు పడ్డాయి. నాన్న చొక్కా విప్పి లోపలికి దిగాడు. భుజానికెత్తుకుంటే అది భయంతో నాన్న మెడ మీద, వీపు మీద రక్కేసింది. పైకి తెచ్చాక చూస్తే దాని గోళ్లన్నీ సిమెంటు గోడను గీకి గీకి అరిగి నెత్తురు కారుతున్నాయి. గోధుమరంగు ఆడకుక్క. ఒక చెవి మడత పడి ఉంది. పారిపోతుందనుకున్నాం. పోలేదు. ట్యాంకర్ నీడలో పొట్ట నేలకు ఆనించి పడుకుంది.

వాచ్‌మన్ తొందరపెడుతుంటే నాన్న వాల్వు తిప్పాడు. నీళ్లు సంపులో పడ్డ మొదటి చప్పుడుకే కుక్క ఎగిరి క్యాబిన్‌లో దూరి, సీటు కింద నక్కింది. ఎంత పిలిచినా బయటికి రాలేదు. అలా మా ఇంటికి వచ్చింది.

అమ్మ దాన్ని చూసి ముందు నాతో అన్న మాట, "పేరు వెట్టకు. పేరు వెడితే ఇగ అది మనదైతది."

పేరు పెట్టలేదు. కానీ నా రొట్టెలో సగం, అమ్మ ఎప్పుడైనా ఉడకబెట్టే గుడ్డులో పచ్చసొన దాని ముందు పెట్టేదాన్ని. అది వాసన చూసేది, నోరు తెరిచేది, అంతలో మోటారు మొదలయ్యేది. అంతే, మంచం కిందికి పోయి తలను గోడకు అదిమి వణికేది. మోటారు ఆగితే లేచి గదిలో గుండ్రంగా తిరిగేది. ట్యాంకర్ నిండుతున్నప్పుడు తలుపు తీసి ఉంటే హైవే దిక్కు పరుగెత్తేది. దాని వెనక నేను, నా వెనక అమ్మ. రోజుకొకసారైనా ముంబై రోడ్డు మీది లారీల దాకా వెళ్లి దాన్ని పట్టుకొచ్చేవాళ్లం. డొక్కలు బయటపడ్డాయి.

ఇది డ్రైవర్ల కంట్లో పడింది. అందరిలో పెద్దాయన, మీసాలాయన, ఒకరోజు కర్ర పట్టుకుని మా గది ముందుకొచ్చాడు.

"నీళ్లకు బెదురుతుందంటే పిచ్చి లేసినట్టే. నా మాటిను, ఇప్పుడే కొట్టి పారేద్దాం. రేపు పిల్లను కరిస్తె ఏం జేస్తవ్?"

అంటూనే ఆయన కళ్లు నాన్న మెడ మీది గీతల దగ్గర ఆగిపోయాయి. మిగతావాళ్లు కూడా అటే చూశారు.  నానమ్మ నోట్లో చుట్ట ఆరిపోయింది.

నాన్న అప్పటికే దవాఖానలో సూదులు వేయించుకుంటున్నాడు. అయినా నానమ్మకు నమ్మకం కుదరలేదు. ఆ రోజు నుంచి గ్లాసుతో నీళ్లు పట్టుకుని నాన్న వెంట తిరగడం మొదలుపెట్టింది.

"తాగు బిడ్డా."

"ఇప్పుడే తాగితి గదనే."

"మల్ల తాగు. నా ముందట్నే తాగు."

నాన్న తాగేవాడు. ఆమె కళ్లార్పకుండా ఆయన గొంతునే చూసేది. గుటక దిగగానే ఊపిరి వదిలి, కాసేపటికి మళ్లీ గ్లాసు నింపేది. ట్యాంకర్ కదలబోతుంటే కిటికీలోంచి గ్లాసు అందించేది. నవ్వాలో ఏడవాలో తెలియక నాన్న అన్నీ తాగి, దారిలో మాటిమాటికీ బండి ఆపేవాడు. నాకు నవ్వు వచ్చేది. నవ్విన వెంటనే భయం వేసేది. ఆ రోజుల్లో అమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు మాడబెట్టేది.

పశువుల దవాఖానకు తీసుకుపోతే డాక్టరు దాని నోరు, కళ్లు పరీక్ష చేసి, "పిచ్చి లక్షణాలేం లేవు. నీళ్లు తాగుతోందా లేదా గమనించండి. కొన్నాళ్లు కనిపెట్టి ఉండండి" అన్నాడు. మీసాలాయన ఆ మాట లెక్కచేయలేదు. కర్రను మా గోడకే ఆనించి ఉంచాడు.

నీళ్లు తాగుతోందా అని డాక్టరు అన్నది నా బుర్రలో తిరుగుతూనే ఉంది. మేం దాని గిన్నెలో చెంబుతో బుడబుడా పోసేవాళ్లం. అది మంచం కిందికి పారిపోయేది. ఎవరూ లేనప్పుడు ఎప్పుడో తాగేది. మోటారు ఆగి ఉన్న ఒక మధ్యాహ్నం గిన్నెలో గుడ్డ పరిచి, ఆ గుడ్డ మీద చప్పుడు కాకుండా నీళ్లు వంచాను. గుడ్డ మెల్లగా లాగేశాను. గిన్నెను దాని ముందుకు జరిపాను. అది నన్ను చూసింది, గిన్నెను చూసింది, వంగి లపలపా తాగేసింది.

నేను బయటికి పరుగెత్తి అందరినీ పిలిచాను. మళ్లీ అలాగే పోశాను. డ్రైవర్లందరూ గుమ్మంలో ఒకరి మీద ఒకరు వంగి చూశారు. అది మళ్లీ తాగింది.

"దీనికి నీళ్ల భయం గాదు" అన్నాడు నాన్న నెమ్మదిగా. "నీళ్లు పడే చప్పుడు భయం."

మీసాలాయన కర్ర తీసుకుని వెళ్లిపోయాడు. నానమ్మ కుక్క పక్కనే కూలబడి ఒక్కసారిగా ఏడ్చేసింది. కొడుకు కోసం దాచుకున్న ఏడుపంతా అది. ఆ సాయంత్రం నాన్నకు నీళ్లు ఇవ్వలేదు, చాయ్ ఇచ్చింది.

భయం ఏమిటో తెలిసింది కానీ తిండి ఎలా తినిపించాలి? మోటారు నడిచినంతసేపూ అది తినదు. అందుకని ఒకరోజు అందరూ అన్నాలకు కూర్చున్నప్పుడు నేను మోటారు స్టార్టర్ దగ్గరికి వెళ్లి ఎర్ర బటన్ నొక్కేశాను. ధార ఆగింది. కుక్క రొట్టె అంతా తినేసింది. ఈలోపు సగం నిండిన ట్యాంకర్ వెనక బండ్లు వరసకట్టి హారన్లు మోగించాయి. బోరు పాయింటు సేటు సెల్‌ఫోను చెవికి పెట్టుకుని కేకలేస్తూ వచ్చాడు. సంగతి తెలిశాక నా జోలికి రాలేదు. నాన్నను పక్కకు పిలిచాడు.

"చూడు తమ్మీ, డ్రైవర్లు పరేషాన్ అయితున్నరు. పని ఆగితే నేనేం జేయాలె? కుక్కనన్న పంపియ్యి, లేకుంటే నువ్వన్న ఇంకో పాయింటు చూస్కో."

మరునాటి నుంచి దానికి ఇల్లు వెతుకుతూ మా ట్యాంకర్ నీళ్లతో పాటు కుక్కను కూడా తిప్పడం మొదలుపెట్టింది. నానమ్మ కూడా క్యాబిన్‌లో ఎక్కింది. మొదట్లో "గా సంపుల కుక్క" అని తిట్టింది తనే. ఇప్పుడు సంబంధం చూడబోతున్నట్టు తలకు నూనె రాసుకుని, శుభ్రమైన చీర కట్టుకుని బయల్దేరింది.

మొదట లింగంపల్లి స్టేషన్ బయట చాయ్ హోటల్. యజమాని మంచివాడే. నాకు బిస్కెట్టు ఇచ్చాడు, కుక్కకూ ఇచ్చాడు. రైలు దడదడా పోతుంటే కుక్క చెవి కూడా కదపలేదు. మాకు ప్రాణం లేచొచ్చింది. "వెనక కట్టేస్తా, దొంగలు రాకుంట చూస్తది" అన్నాడాయన. వెనక్కి వెళ్లి చూస్తే గ్లాసులు కడిగే కుళాయి ఆగకుండా కారుతోంది. నానమ్మ తల అడ్డంగా ఊపింది. తర్వాత కూలీల గుడిసెలు. పిల్లలు చుట్టూ చేరి ముద్దుచేశారు కానీ, కొత్త స్లాబుల మీద పొద్దంతా పైపులతో నీళ్లు కొడుతూనే ఉన్నారు. ఎటు పోయినా అంతే. ఊరు కొత్తగా కడుతున్నారంటే నీళ్లు పోస్తున్నారనే అర్థం.

చందానగర్‌లో కొత్త ఇంట్లో దిగిన ఒకావిడ ఉండేది. కోస్తా నుంచి వచ్చినావిడ. మేం వెళ్లేసరికి వాకిట్లో చాప పరిచి ఆవకాయ కలుపుతోంది. ఆవపిండి ఘాటుకు కుక్క తుమ్మింది. ఆవిడ నవ్వి, కలిపిన బేసినులోనే వేడన్నం వేసి ముద్ద చేసి నా చేతిలో పెట్టింది. అంతకుముందు అంత కారం, అంత రుచి నేను ఎరగను.

"నాకివ్వండమ్మా, పెంచుకుంటాను. ఈయన ఆఫీసుకెళ్తే ఇల్లంతా బావురుమంటుంది. పెరుగన్నం తింటుందాండీ?" అని నానమ్మను అడిగింది.

"నీళ్ల చప్పుడు జర పడదమ్మా దీనికి" అంది నానమ్మ.

"అయ్యో, అదెంత పనండీ. నేను చూసుకుంటాను కదా."

వదిలి వచ్చాం. ఆ రోజు నుంచి నాకు తిండి సహించలేదు. మామిడి టెంకలు విసరబుద్ధి కాలేదు. చందానగర్ ట్రిప్పు పడిందంటే చాలు, ఆ వీధిలోంచి పొమ్మని నాన్నను పీడించేదాన్ని. కొద్దిరోజులకు ఆవిడే ఆటోలో మా పాయింటుకు వచ్చింది. ఒళ్లో తువ్వాలు చుట్టిన కుక్క. ఆవిడ మోచేతి మీద గీతలు, చీర కుచ్చిళ్లకు మట్టి.

"పైన ట్యాంకు నిండితే పొర్లి పడుతుందండీ, ఎంత కనిపెట్టినా ఏదో ఒక పూట పొర్లుతుంది. గోడ దూకి పోయింది. వీధులన్నీ వెతికాను. రోడ్డు మీద బస్సు కింద పడబోయిందండీ" అంటూ ఆవిడ తువ్వాలుతో సహా దాన్ని నా చేతుల్లో పెట్టింది. "నా దగ్గర ఉంటే చచ్చిపోతుంది. మీకిచ్చేద్దామని తెచ్చాను. ఏమనుకోకండి." వెళ్తూ వెళ్తూ ఆవకాయ జాడీ అమ్మ చేతిలో పెట్టింది.

 ఆ సాయంత్రం సేటు అటుగా వచ్చి కుక్కను చూసి, నాన్నను చూసి వెళ్లిపోయాడు. నాన్న గదిలో సామాను వైపు చూడటం నేను చూశాను.

ఇల్లు దొరికింది మేం వెతకని రోజున. నానమ్మ జొన్నలు విసిరే ఇసుర్రాయి అరిగిపోయి గింజ నలగడం లేదు. గంట్లు కొట్టించాలని ఎప్పటి నుంచో అంటోంది. గోపన్‌పల్లి దిక్కు ఒక గుట్ట మీద రాళ్లు కొట్టేవాళ్లున్నారని విని నాన్న రాతిని క్యాబిన్‌లోకి ఎక్కించాడు. పాయింటు దగ్గర వదల్లేక కుక్కను కూడా తీసుకెళ్లాం. గుట్ట కింద బండి ఆపి, రాయి నాన్న భుజాన, కుక్క తాడు నా చేతిలో, వెనక నానమ్మ, పైకి ఎక్కాం.

పైన చెట్టు లేదు, చేను లేదు. తెల్లటి రాతిపొడి, కొట్టి ఉంచిన రోళ్లు, కంచె రాళ్లు. పందిరిలా కట్టిన ఒక టార్పాలిన్ పట్టా కింద ముసలి దంపతులు. ముసలాయనకు బండలు పేల్చీ పేల్చీ చెవులు పోయాయట. ముసలావిడ, నాన్న ఆమెను పెద్దమ్మా అని పిలిచాడు, మా రాయిని కాళ్ల మధ్య పెట్టుకుని ఉలి ఆనించి సుత్తెతో కొట్టడం మొదలుపెట్టింది. టక్, టక్, టక్. నిప్పురవ్వల వాసన వచ్చింది. నానమ్మ, ఆమె వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటున్నారు. నేను రాళ్ల మీద దూకుతున్నాను. ఉన్నట్టుండి నానమ్మ మాట ఆపేసింది.

కుక్క పెద్దమ్మ కాలి పక్కన పడుకుని ఉంది. మా ఇంట్లోలాగా ముడుచుకుని కాదు. పక్కకు వాలి, నాలుగు కాళ్లూ చాపి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. దొరికిన నాటి నుంచి అది అలా పడుకోవడం మేం చూడలేదు.

"పెద్దమ్మా, నీళ్లెక్కడివి మీకు?" అని అడిగాడు నాన్న.

"యాడివి బిడ్డా. కింద ఊటల నుంచి బిందెల తెచ్చుకుంటం."

నాన్న నానమ్మ ముఖం చూశాడు. నానమ్మ జరిగినదంతా చెప్పింది. పెద్దమ్మ సుత్తె ఆపకుండానే విని తల ఊపింది.

"వద్దు తల్లీ. మాకు కుక్క వద్దు. మొన్నటిదాక ఒకటి ఉండె. బండ పేల్చినప్పుడు ఉరికింది, మల్ల రాలె. గుట్టంత తిరిగి పిలిచిన. ఇగ నాతోని గాదు."

అంతలో గుట్ట అవతలి నుంచి ఈల వినిపించింది. ఎవరో ఎర్రగుడ్డ ఊపారు. పెద్దమ్మ నా తల తన ఒళ్లోకి వంచుకుంది. నేల అదిరేలా బండ పేలింది. నా చెవులు గింగురుమన్నాయి. కుక్క తల ఎత్తి అటు చూసింది. ఇటు చూసింది. ఈసారి తలను పెద్దమ్మ పాదం మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది.

ఆమె చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత పాదం కదలకుండా, నడుం మాత్రం వంచి, మా రాయికి మిగిలిన గంట్లన్నీ కొట్టింది. పని అయిపోయాక కూడా పాదం తీయలేదు.

"ఉండనియ్యి" అంది.

వచ్చేటప్పుడు వెనక నుంచి "పిల్లా!" అని పిలుపు వినిపించింది. నేను తిరిగాను. కుక్క కూడా లేచింది. ఇద్దరం ఆమె వైపు చూస్తున్నాం. ఆమె పిలిచింది దాన్ని. ఆమె కూడా పేరు పెట్టలేదు మరి.

నాన్న పని పోకుండా నిలిచింది. కానీ నాకు నిలకడ రాలేదు. గదిలో మంచం కింద ఖాళీ. వీలైనప్పుడల్లా గుట్టకు తీసుకెళ్లమనేదాన్ని. వెళ్లినప్పుడు అది ఎదురొచ్చి నా చేయి నాకి, మళ్లీ పరుగున పోయి ఆమె పక్కన పడుకునేది. ఒళ్లు చేసింది. గోళ్లు మొలిచాయి. నాకు సంతోషంగానే ఉండేది, ఏడుపూ వచ్చేది.

బడి తెరిచారు. మబ్బులు పట్టాయి. అందరూ వాన కోసం చూస్తుంటే నేను గుట్ట దిక్కే చూసేదాన్ని. అంత వెతికినా మాలో ఎవరికీ వాన సంగతి తట్టలేదు. గుట్ట మీద గోడల్లేవు, ఉన్నది ఒక పట్టా. ఒకరోజు మధ్యాహ్నం బడిలో ఉండగానే మొదలైంది. రేకుల మీద రాళ్లు కుమ్మరించినట్టు పడుతోంది. బడి వదలగానే తడుస్తూ ఇంటికి పరుగెత్తాను.

"నాయినా, గుట్టకు పోదాం పా. అది ఉరుకుతది. మల్ల దొరకదు!"

"గీ వానల ఆడికెట్ల పోతం బిడ్డా? మొత్తం బురద."

నానమ్మ గోనెసంచి తల మీద వేసుకుని అప్పటికే గుమ్మం దిగింది. "పా, బండి తియ్యి" అంది.

గుట్ట కింద బండి ఆపి జారుతూ ఎక్కాం. వాన హోరులో ఏమీ వినబడటం లేదు. సగం దారిలో నానమ్మ నా చేయి పట్టి ఆపింది. పైనుంచి చప్పుడు. టక్, టక్, టక్.

"వానల రాయి కొట్టుడేందమ్మా?" అన్నాడు నాన్న.

పట్టా కింద పెద్దమ్మ కూర్చుని ఉంది. ముందు ఒక మొరటు రాయి. దానికి ఆకారం లేదు, గీత లేదు, దేనికీ పనికొచ్చేది కాదు. దాన్ని కొడుతూనే ఉంది. పాదం మీద కుక్క తల. అది నిద్రపోవడం లేదు. చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి. కానీ వణకడం లేదు. పారిపోలేదు. సుత్తె చప్పుడే వింటోంది.

"సుత్తె ఆపితె లేస్తున్నది" అంది పెద్దమ్మ మమ్మల్ని చూసి. "గందుకే కొడుతున్నం."

పక్కనే ముసలాయన ఇంకో సుత్తె పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆమె చేయి నొప్పెడితే ఆయన అందుకునేవాడు. ఆయనకు వాన చప్పుడూ వినబడదు, సుత్తె చప్పుడూ వినబడదు. కుక్క చెవులను చూస్తూ కొట్టేవాడు. అవి కదిలితే ఇంకొంచెం గట్టిగా కొట్టేవాడు.

నానమ్మ గోనెసంచి పక్కన పడేసి వాళ్ల దగ్గర చతికిలబడింది. "ఇటియ్యి, జరసేపు నేను కొడుత" అంది. ఆమె తర్వాత నాన్న. నాన్న తర్వాత సుత్తె నాకిచ్చారు. బరువుకు నా మణికట్టు వంగిపోయింది. పెద్దమ్మ తన చేయి నా చేయి మీద వేసి కొట్టించింది. ఆ చేయి రాయంత గరుకుగా, వెచ్చగా ఉంది. వాన వెలిసేదాకా ఒకరి తర్వాత ఒకరం కొడుతూనే ఉన్నాం. తిరిగి వచ్చేటప్పుడు క్యాబిన్‌లో కూర్చున్న చోటే నేను నిద్రపోయానట. నన్ను మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారట.

ఆ చలికాలం గుట్ట అమ్ముడుపోయింది. పెద్ద మిషన్లు వచ్చాయి. రాళ్లు కొట్టేవాళ్లు పరిగి దిక్కు ఇంకో గుట్టకు వెళ్లిపోయారు. ఇప్పుడు ఆ గుట్ట ఎక్కడ ఉండేదో నేను వేలు పెట్టి చూపించలేను. ఆఫీసుకు పోయే దారిలో ఎక్కడో ఉండాలి. ఎన్నిసార్లు లెక్క వేసుకున్నా ఒకసారి ఈ బిల్డింగు అనిపిస్తుంది, ఇంకోసారి ఆ సిగ్నల్ దగ్గర అనిపిస్తుంది. నానమ్మ లేదు. పెద్దమ్మ, ముసలాయన కూడా ఉండరు. కుక్క ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది.

వాళ్లు గుట్ట దిగిన రోజు నేను బడిలో ఉన్నాను. నాన్న మాత్రం వెళ్లి సామాను ఎక్కించడానికి సాయం చేసి వచ్చాడు. లారీ నిండా రోళ్లు, పనిముట్లు, పట్టా. ఎవరూ పిలవకముందే కుక్క లారీ ఎక్కి కూర్చుందట. ఆ సాయంత్రం నాన్న కాళ్లు కడుక్కుంటుంటే పక్కన నిలబడి ఒక్కటే అడిగాను.

"నాయినా, దారిల వాన వడితే?"

నాన్న చెంబు కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"పెద్దమ్మ సుత్తె చేతిలనే పట్టుకొని కూసుంది బిడ్డా."